వెతుకులాట యంత్రానికి మణుగూరు పరీక్ష

మణుగూరు ఓపెన్‌కాస్టు గనుల చుట్టుపక్కల ఊళ్లలో బోర్ల నీటిమట్టం ఎలా మారుతోందో, ఎందుకు మారుతోందో తేల్చాలని ఒక పరిశోధక విద్యార్థి అనుకున్నాడనుకుందాం. గైడు మొదట చెప్పే మాట ఒకటే: "ముందు లిటరేచర్ చూసి రా." ఆ విషయం మీద ఇంతకు ముందు ఎవరెవరు పనిచేశారు, ఎలా కొలిచారు, ఏం తేల్చారు, ఎక్కడ వదిలేశారు అన్నదంతా ఏరి, చదివి, తూచి రాయాలి. సిద్ధాంత గ్రంథంలో సాధారణంగా రెండో అధ్యాయం ఇదే. చాలామంది దాన్ని ఒక తంతుగా ముగించేస్తారు. కానీ పరిశోధన నిలబడేదీ కూలేదీ అక్కడే.

ఈ పని ఇప్పుడు ఒక మనిషి ఒంటిచేత్తో చేయలేనంత పెరిగింది. ప్రపంచంలో ఏటా వెలువడే పరిశోధన పత్రాలు ఇరవై లక్షలు దాటాయి. ఒక ప్రశ్న మీద వచ్చిన పత్రాలన్నిటినీ నియమం ప్రకారం జల్లెడపట్టి రాసే సమీక్షలు వైద్యరంగంలో ఎక్కువ. అలాంటివి 195 తీసుకుని 2017లో లెక్కగడితే, నమోదు నుంచి ప్రచురణ దాకా ఒక్కోదానికి సగటున 67 వారాలు పట్టినట్టు తేలింది. అందుకే ఈ చాకిరీ తగ్గించే సాధనాలు పుట్టుకొచ్చాయి. సెమాంటిక్ స్కాలర్, ఎలిసిట్, ఏఎస్‌రివ్యూ వంటి పేర్లు మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో కూడా వినిపిస్తున్నాయి. ఇలాంటివి తయారుచేసేవాళ్లు పరిశోధకులను పిలిచి వాడి చూడమంటారు. ఎవరిని పిలవాలి, పిలిచి ఏం అడగాలి అన్నది చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ ఆ సాధనాన్ని నమ్మవచ్చా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. మణుగూరు లాంటి చోటు గురించి వెతికే మనిషిని పిలవకుండా పరీక్షించిన యంత్రం మణుగూరుకు పనికిరాదని నా గట్టి నమ్మకం.

వెతుకులాటలో ఒక పత్రం తప్పిపోతే ఏమవుతుందో చెప్పడానికి వైద్య చరిత్రలో ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆస్తమా మీద ఒక ప్రయోగం జరిగింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతుల చేత హెక్సామెథోనియం అనే మందు పీల్పించి, శ్వాసనాళాలు ఎలా స్పందిస్తాయో చూడాలన్నది ఉద్దేశం. ప్రయోగం మొదలుపెట్టే ముందు పరిశోధకులు పాఠ్యపుస్తకాలు చూశారు, వైద్య పత్రాల సూచిక పబ్‌మెడ్‌లో వెతికారు. అప్పట్లో పబ్‌మెడ్ సమాచారం ప్రధానంగా 1966 నుంచే ఉండేది. ఆ మందు ఊపిరితిత్తులను దెబ్బతీయవచ్చని చెప్పే పత్రాలు 1950లలో వచ్చాయి. అవి ఆ వెతుకులాటలో పడలేదు. మందు పీల్చిన 24 ఏళ్ల యువతి నెల తిరగకుండానే చనిపోయింది. ఆ జులైలో అక్కడ ఫెడరల్ నిధులతో మనుషుల మీద జరిగే పరిశోధనలను ప్రభుత్వం కొన్నాళ్లు ఆపించింది. పత్రాలు అచ్చయి గ్రంథాలయంలోనే ఉన్నాయి. వెతికిన గూటిలో మాత్రం లేవు. దొరికింది చూసి తృప్తిపడే మనిషికి దొరకనిది ఎప్పటికీ కనబడదు. ఈ సాధనాల పరీక్షలో అసలు కష్టమంతా ఇదే.

యంత్రం లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం. అన్నిటికంటే పాత పద్ధతి మాటకు మాట సరిపోల్చడం. మనం ఇచ్చిన పదం పత్రం శీర్షికలోనో సారాంశంలోనో ఉంటే చూపిస్తుంది, లేకపోతే లేదు. రెండోది ఉల్లేఖనల గొలుసు. ఒక పత్రం చివర ఉన్న ఆధారాల పట్టీ పట్టుకుని వెనక్కి వెళ్లవచ్చు. దాన్ని తర్వాత ఎవరు ఉదహరించారో చూస్తూ ముందుకూ రావచ్చు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఈ ముందుకు నడిచే దారిని తెరిచింది. మూడోది ఇటీవలిది. యంత్రం ప్రతి సారాంశాన్నీ కొన్ని వందల అంకెల వరుసగా మారుస్తుంది. ఒకే రకం సందర్భాల్లో వాడే మాటలకు దగ్గర దగ్గర అంకెలు వస్తాయి. అందువల్ల 'గ్రౌండ్‌వాటర్' అని అడిగితే 'ఆక్విఫర్' అని రాసిన పత్రం కూడా పైకి తేలుతుంది. ఆ దగ్గరితనాన్ని యంత్రం తాను చదివిన కోట్లాది వాక్యాల నుంచి నేర్చుకుంటుంది. అక్కడ వెయ్యిసార్లు కనబడిన మాటను బాగా నేర్చుకుంటుంది. నాలుగుసార్లు కనబడినదాన్ని దాదాపు నేర్చుకోదు.

నాలుగోది మనిషితో కలిసి నేర్చుకునే పద్ధతి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో రెన్స్ వాన్ డి స్కూట్ బృందం తయారుచేసిన ఏఎస్‌రివ్యూ ఇలాంటిదే. దాని వివరాలు 2021లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్ పత్రికలో వచ్చాయి, కోడ్ అందరికీ ఉచితం. తునికాకు కల్లంలో కట్టలు తీసుకునే కల్లేదారు పక్కన కొత్తగా చేరిన కుర్రాడు ఏ కట్ట తీసుకుంటున్నారో, ఏది పక్కన పెడుతున్నారో నాలుగు రోజులు చూసి, మంచి కట్టలను తానే ముందుకు జరపడం మొదలుపెడతాడు. ఈ యంత్రమూ అంతే. మనం పనికొస్తుంది, పనికిరాదు అని గుర్తు పెట్టే ప్రతి సారాంశం నుంచీ నేర్చుకుని, మిగతా కుప్పలో పనికొచ్చేలా ఉన్నవాటిని పైకి తెస్తుంది. కుప్పంతా చదవాల్సిన పని తప్పుతుంది.

ఈ పొదుపును ఎలా కొలుస్తారో అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కుప్పలో 2000 సారాంశాలు ఉన్నాయి, వాటిలో నిజంగా కావలసినవి 40 అనుకుందాం. యంత్రం పైకి తెచ్చిన మొదటి 400 చదివేసరికి 38 దొరికాయి. కావలసిన వాటిలో 95 శాతం చేతికొచ్చాయి, చదవాల్సిన పనిలో 80 శాతం తప్పింది. ఏ సంస్థ అయినా గర్వంగా చెప్పుకునే ఫలితమే. తప్పిపోయిన ఆ రెండు ఏవి? గోదావరి లోయ గురించి మొత్తం ఉన్నవే రెండు పత్రాలై, ఆ రెండే జారిపోతే, 95 శాతం అన్న అంకెలో ఆ సంగతి ఎక్కడా కనబడదు. సగటు ఎప్పుడూ ఎక్కువమంది వైపు మాట్లాడుతుంది. తక్కువ రాయబడ్డ చోట్లకు జరిగే నష్టం దానిలో కలిసిపోతుంది.

పరిశోధకులను పిలిచి వెతుకులాటను పరీక్షించడం కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ వైమానిక కళాశాల గ్రంథాలయాధికారి సిరిల్ క్లెవర్డన్ 1960లలోనే దీన్ని చక్కగా చేసి చూపించాడు. ఆయన విమానశాస్త్రంలో అప్పుడే పత్రాలు రాసిన శాస్త్రవేత్తలకు ఉత్తరాలు రాశాడు. మీరు ఈ పత్రం ఏ ప్రశ్న మనసులో పెట్టుకుని రాశారో చెప్పండి, మీరు ఉదహరించిన పత్రాల్లో ఏది ఆ ప్రశ్నకు ఎంత పనికొచ్చిందో మార్కులు వేయండి అని అడిగాడు. తర్వాత విద్యార్థులను కూర్చోబెట్టి మొత్తం సేకరణ అంతా గాలించి, ఆ రచయితలు ఉదహరించకుండా వదిలేసినవి ఏమైనా ఉన్నాయా అని చూడమని, దొరికినవాటిని మళ్లీ ఆ రచయితలకే పంపి తీర్పు అడిగాడు. అలా 1400 పత్రాలు, 225 ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకూ ఏవి జవాబో చెప్పే పట్టీ తయారయ్యాయి. ఇక ఏ వెతుకులాట పద్ధతినైనా దీని మీద నడిపి, ఎన్ని పట్టింది, ఎన్ని వదిలింది అని లెక్కపెట్టవచ్చు. 1966లో ఫలితాలు వచ్చినప్పుడు నిపుణులు కష్టపడి కట్టిన వర్గీకరణ భాషల కంటే పత్రంలోని మామూలు మాటలతో వెతకడమే మెరుగ్గా పనిచేసిందని తేలి, గ్రంథాలయ శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు.

క్లెవర్డన్ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఆయన అడిగిన తీరు. మా పద్ధతి మీకు నచ్చిందా అని అడగలేదు. మీ పనిలో మీకు నిజంగా కావలసి వచ్చింది ఏమిటి అని అడిగాడు.

తర్వాత కొన్నేళ్లకే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తన కంప్యూటర్ వెతుకులాట మెడ్‌లార్స్‌ను పరీక్షించమని ఎఫ్. డబ్ల్యూ. లాంకాస్టర్‌కు అప్పగించింది. వైద్యులూ పరిశోధకులూ తమ అవసరం కోసం నిజంగా పంపిన దాదాపు 300 ప్రశ్నలను ఆయన తీసుకున్నాడు. 1968లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఉండాల్సిన వాటిలో సగటున 58 శాతం మాత్రమే దొరికాయి. దొరికిన వాటిలో సగమే పనికొచ్చేవి. లోపాలకు ఒక పెద్ద కారణం కంప్యూటరు కాదు. అడిగినవాడి మనసులో ఉన్నది ఒకటి, ప్రశ్నగా కాగితం మీదకు వచ్చింది మరొకటి.

ఇంతకంటే కళ్లు తెరిపించేది 1985లో డేవిడ్ బ్లెయిర్, ఎం. ఇ. మారన్ ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో ఒక రైలు ప్రమాదం తాలూకు దావాలో దాదాపు 40,000 పత్రాలు, మూడున్నర లక్షల పేజీలు కంప్యూటర్లో ఎక్కించారు. న్యాయవాదులు తమకు కావలసిన వాటిలో కనీసం 75 శాతం దొరికాయనుకునేదాకా వెతికించుకున్నారు, తృప్తిగా ఆపారు. పరిశోధకులు మిగిలిన కుప్పలో నమూనాలు తీసి చూస్తే, నిజానికి దొరికింది సగటున 20 శాతమే. కారణం మాటల్లో ఉంది. ప్రమాదం అని ఒక పక్షం రాస్తే, ఎదుటి పక్షం తన ఉత్తరాల్లో దాన్ని సంఘటన అనీ, పరిస్థితి అనీ, ఇబ్బంది అనీ రాసుకుంది. వెతికేవాడి మాట, రాసినవాడి మాట కలవలేదు. వాళ్లు అనుభవం ఉన్న న్యాయవాదులు, తమ కేసు తమకు తెలుసు. అయినా దొరకనిదాని పరిమాణాన్ని అంచనా వేయలేకపోయారు. అందుకని పరీక్షకు వచ్చిన పరిశోధకుడు "బాగుంది, అన్నీ దొరికాయి" అంటే దానికి రుజువుగా విలువ లేదు.

ఇప్పుడు మణుగూరుకు వద్దాం. ఈ ఊరు గోదావరికి దక్షిణపు ఒడ్డు వైపు ఉంది. 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం వరంగల్ జిల్లాలో, అంటే హైదరాబాద్ రాజ్యంలో భాగం. 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఎదుటి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెం, భద్రాచలం కథ వేరు. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లి, మధ్య పరగణాల్లో ఎగువ గోదావరి జిల్లాగా ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారాయి. తర్వాత తూర్పు గోదావరి, 1959లో ఖమ్మం, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. 2014లో మళ్లీ కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వి. ఆర్. పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఒకే నది, ఒకే అడవి, ఒకే కోయ గూడేలు. కాగితాల్లో మాత్రం రెండు ఒడ్లూ నూరేళ్లు వేర్వేరు ప్రభుత్వాల దస్త్రాల్లో ఉన్నాయి. తెలంగాణ అని వడపోత పెట్టి వెతికే విద్యార్థికి 2014కు ముందటి రాతల్లో చాలాభాగం కనబడదు. ఖమ్మం అని పెట్టినా 1953కు ముందరివి రావు.

ఉదాహరణకు దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కేన్ 1870లలో, 80లలో ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వరుసగా వ్యాసాలు రాశాడు. ఈ ప్రాంతపు కోయల జీవితం మీద అచ్చయిన తొలి వివరమైన రచనల్లో అవి ఉన్నాయి. ఆయన కోయలను 'కోయి' అని రాశాడు, భద్రాచలం స్పెల్లింగూ ఇప్పటిది కాదు. బొగ్గు సంగతి తీసుకుంటే, జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. ప్రాణహిత–గోదావరి లోయ భూగర్భ నిర్మాణం మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1881లో వచ్చింది. సింగరేణిలో ఇప్పటికీ ఒక బొగ్గు పొరను కింగ్ సీమ్ అంటారు. ఆయన పుస్తకంలో మణుగూరు గనులు ఉండవు, ఉండే అవకాశమే లేదు. కానీ ఇక్కడి రాతి పొరల గురించి రాసే ఏ సమీక్షకైనా అది పునాది. ఊరి పేరుతో వెతికితే అది రాదు. ఉల్లేఖనల గొలుసు పట్టుకుని వెనక్కి నడిస్తేనే వస్తుంది.

పేరు ఇంకో విధంగా కూడా దారి తప్పిస్తుంది. మణుగూరు అని కొట్టగానే భారజల కర్మాగారం తాలూకు రాతలు వచ్చి పడతాయి. 1991లో మొదలైన ఆ కర్మాగారం ఉన్నది అశ్వాపురంలో, కానీ దాని అధికారిక పేరు మణుగూరే. హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ నీటికీ మధ్య డ్యుటీరియం మార్పిడి మీద నడిచే ఆ ప్రక్రియ గురించిన ఇంజనీరింగ్ పత్రాలు బోరు నీళ్ల గురించి వెతికే విద్యార్థికి అక్కర్లేదు. అయినా ఊరి పేరూ, నీళ్ల మాటా, గోదావరి మాటా అన్నీ ఉంటాయి కనుక యంత్రం వాటినే ముందుకు తోస్తుంది. కావలసినవి మరోచోట, మరో మాటలో ఉంటాయి. గనిలోకి ఊరి వచ్చే నీటిని మైనింగ్ ఇంజనీర్లు 'మేక్ ఆఫ్ వాటర్' అంటారు. దాన్ని తోడిపోయడం డీవాటరింగ్. గని గోడల వాలు ఎంత గట్టిగా నిలుస్తుందో లెక్కగట్టే అధ్యయనాల్లో రాళ్ల సందుల్లోని నీటి పీడనం తప్పనిసరిగా కొలుస్తారు. కాబట్టి ఒక ఓపెన్‌కాస్టు చుట్టూ నీటిమట్టం వివరాలు నీళ్ల గురించిన పత్రంలో కంటే వాలుల స్థిరత్వం గురించిన పత్రంలో దొరికే అవకాశం ఉంది. ఈ సంగతి కొత్తగూడెంలో మైనింగ్ చదివినవాడికి చెప్పాల్సిన పని లేదు. బెంగళూరులోనో శాన్ ఫ్రాన్సిస్కోలోనో కూర్చుని యంత్రం తయారుచేసే బృందానికి ఎవరో ఒకరు చెప్పాలి.

వేడినీళ్ల ఊటల విషయమూ అంతే. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరడం ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. మణుగూరు ఏరియాలోని పగిడేరు దగ్గర ఉబికివచ్చే వేడినీటితో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప విద్యుత్ కేంద్రం పెట్టింది. నీటిని మరిగించేంత వేడి లేకపోయినా, తక్కువ ఉష్ణోగ్రతకే ఆవిరయ్యే మరో ద్రవాన్ని మూసిన గొట్టాల్లో తిప్పి టర్బైన్ నడిపే పద్ధతి అది. దీని పూర్వచరిత్ర కొంత భూతాపశక్తి పత్రాల్లో, కొంత బొగ్గు అన్వేషణ నివేదికల్లో, కొంత స్థలపురాణాల్లో చెదిరి ఉంది. మూడూ కలిపి చూడాలని యంత్రానికి తోచదు.

దగ్గరగా చూడటానికి ఇప్పచెట్టును తీసుకుంటాను. ఇప్పపువ్వులో చక్కెరలు, ఇప్పగింజ నూనె, కోయ కుటుంబాల ఆహారంలో దాని పాత్ర మీద రాసినవి వెతకాలంటే ఎన్ని పేర్లతో అడగాలి? ఉత్తరాదిలో మహువా. శాస్త్రీయ నామం ఇప్పుడు ఎక్కువగా మధూకా లాంగిఫోలియా, దానిలో లాటిఫోలియా రకం. కొందరు మధూకా ఇండికా అని రాస్తారు, కొందరు మధూకా లాటిఫోలియా అని. ఇంకా వెనక్కి వెళితే బాసియా లాటిఫోలియా. ఆ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్, సామర్లకోటలో తోటలు వేసుకుని తెలుగువాళ్లను అడిగి మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్న వైద్యుడు. బ్రిటిష్ కాలపు కరవు నివేదికల్లో, అటవీ నివేదికల్లో, రసాయన విశ్లేషణల్లో అంతా బాసియానే. ఈ శతాబ్దపు పత్రాల మీద పెరిగిన యంత్రానికి బాసియా, మధూకా ఒకే చెట్టు అని తెలిసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తెలుసో లేదో తేల్చడానికి అరగంట చాలు, ఆ అరగంట కూర్చునేవాడికి వృక్షశాస్త్రం తెలిసి ఉండాలి. పోడు వ్యవసాయం గురించి అడిగినా ఇదే గొడవ. ఈశాన్యంలో ఝూమ్, మానవశాస్త్రవేత్తల రాతల్లో స్విడెన్, పాత అటవీ దస్త్రాల్లో ఇంకేదో.

తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథాలది మరీ విచిత్రమైన ఇబ్బంది. యుజిసి 2009 నిబంధనల తర్వాత పిహెచ్‌డి గ్రంథాల ప్రతులు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేరడం మొదలైంది, అది గొప్ప మేలు. అయితే తెలుగు గ్రంథాలు చాలావరకు డిటిపి సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టినవి. తెర మీద తెలుగు అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తాయి. ఫైలు లోపల ఉన్నవి మాత్రం రోమన్ అక్షరాలూ, ప్రత్యేక గుర్తులూ. ఆ ఫాంటు తొడిగితేనే అవి తెలుగులా కనబడతాయి. ఒక పేరా కాపీ చేసి వేరే చోట అతికిస్తే అర్థంలేని గుర్తుల వరుస వస్తుంది. యంత్రం చదివేది ఆ వరుసనే. కొన్ని గ్రంథాలు అసలు ఫొటో తీసినట్టు స్కాన్ చేసినవి, వాటిలో చదవడానికి అక్షరమే లేదు. భద్రాచలం ఏజెన్సీ జానపద విజ్ఞానం మీద, కోయ పండుగల మీద ఏళ్ల తరబడి తిరిగి రాసిన పుటలు ఇలా యంత్రం కంటికి ఖాళీ కాగితాలవుతున్నాయి. ఫలితాల పట్టీలో అవి లేకపోతే 'ఈ విషయం మీద పరిశోధన తక్కువ' అని యంత్రం సారాంశం రాస్తుంది. దాన్ని నమ్మిన విద్యార్థి తన గ్రంథంలోనూ అదే రాస్తాడు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది. ఒక తరం చేసిన పని జరగనట్టే లెక్కకెక్కుతుంది.

పత్రికలకెక్కని రాతలు ఇంకా ఉన్నాయి. గనులకు అనుమతి కోసం తయారుచేసే పర్యావరణ ప్రభావ నివేదికల్లో ఊరూరి బావుల నీటిమట్టాలు, గాలిలో ధూళి కొలతలు ఉంటాయి. హైదరాబాద్‌లోని గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ నివేదికలు ఉన్నాయి. జియలాజికల్ సర్వే క్షేత్ర నివేదికలు ఉన్నాయి. మణుగూరు మీద ఏ మంచి సమీక్షయినా వీటిని తాకకుండా పూర్తి కాదు.

ఇంతకీ పరీక్షకు ఎవరిని పిలవాలి? తయారీదారులు సాధారణంగా తమకు అందుబాటులో ఉన్నవాళ్లను పిలుస్తారు. స్నేహితులు, పాత సహాధ్యాయులు, పెద్ద విశ్వవిద్యాలయాల్లో వైద్యమో కంప్యూటర్ సైన్సో చేసేవాళ్లు. ఐదుగురు చాలు అన్న సూత్రం కూడా ఒకటి ప్రచారంలో ఉంది. జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క అది. ఒక్కో వ్యక్తి సగటున 31 శాతం ఇబ్బందులు బయటపెడితే, ఐదుగురు కలిసి దాదాపు 85 శాతం బయటపెడతారు. మీట ఎక్కడుందో తెలియక తడబడటం, ఫైలు ఎక్కించడం రాకపోవడం వంటివి పట్టుకోవడానికి ఆ సూత్రం బాగానే పనిచేస్తుంది. యంత్రం ఏ రకం పత్రాలను జారవిడుస్తోందో తెలుసుకోవడానికి అది వర్తించదు. జారిపోయేవి రంగానికో రకంగా, ప్రాంతానికో రకంగా ఉంటాయి. ఐదుగురూ ఒకే తరహా అయితే ఐదుగురికీ అదే లోపం కనబడకుండా పోతుంది.

నేనైతే నలుగురు వేర్వేరు మనుషులతో మొదలుపెడతాను. కొత్తగూడెంలో మైనింగ్ లేదా భూగర్భశాస్త్రం చేసే పరిశోధకుడు ఒకరు. అక్కడి పాత మైనింగ్ కళాశాల 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా ఎదిగింది కాబట్టి మనుషుల కొరత ఉండదు. కాకతీయలోనో హైదరాబాద్‌లోనో గిరిజన సమాజాల మీద పనిచేసేవారు ఒకరు, తెలుగులో గ్రంథం రాసినవారైతే ఇంకా మంచిది. వృక్షశాస్త్రం నుంచి ఒకరు. నాలుగో మనిషి గ్రంథాలయాధికారి. ఈయన్ను అందరూ మరిచిపోతారు. ఏ పత్రిక ఏ ఏడు నుంచి ఏ సూచికలో ఉంది, ఏది లేదు అన్నది ఆయనకు నోటికి వచ్చు. 2001 నాటి ఆ ప్రయోగంలో సరిగ్గా ఆ జ్ఞానమే కొరవడింది.

వీళ్లకు ఇచ్చే పని కూడా జాగ్రత్తగా కట్టాలి. తయారీదారు ప్రశ్న ఇవ్వకూడదు. ఎవరి ప్రశ్న వారే తెచ్చుకోవాలి, అప్పటికే కొన్నేళ్లు తిరిగి తమ చేత్తో పోగుచేసుకున్న పత్రాల జాబితాను కూడా తేవాలి. ఆ జాబితాను యంత్రానికి చూపకూడదు. యంత్రం తన ఫలితాలు ఇచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి, జాబితాలో ఉండి యంత్రానికి దొరకనివి ఒక్కొక్కటీ తీసి, ఎందుకు దొరకలేదో రాయాలి. పేరు మారడం వల్లనా, భాష వల్లనా, ఫాంటు వల్లనా, ఆ పత్రిక సూచికలోనే లేకపోవడం వల్లనా? యంత్రానికి దొరికి మనిషి జాబితాలో లేనివి కూడా చూడాలి. యంత్రం మనకు నేర్పేది అక్కడే. ఏది పనికొస్తుందో తేల్చేటప్పుడు ఇద్దరు విడివిడిగా చదివి గుర్తు పెట్టి, తేడా వచ్చినచోట మాట్లాడుకోవాలి. ఒక్కడి తీర్పు మీద కట్టిన పరీక్ష నిలవదు.

సారాంశం రాసి ఇచ్చే యంత్రాలకు ఇంకో పరీక్ష అదనం. అది ఉదహరించిన ప్రతి పత్రం నిజంగా ఉందా, ఉంటే అందులో ఆ మాట ఉందా అని ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. మెటా సంస్థ 2022 నవంబరులో శాస్త్ర సాహిత్యం మీద పెంచిన గెలాక్టికా అనే నమూనాను విడుదల చేసి, అది లేని ఆధారాలనూ తప్పు సంగతులనూ ధీమాగా రాస్తోందని శాస్త్రవేత్తలు బయటపెట్టడంతో మూడు రోజులకే వెనక్కి తీసుకుంది. సరిచూడాలంటే పూర్తి పత్రం చేతిలో ఉండాలి. కేంద్రం 2025 జనవరి నుంచి అమలుచేస్తున్న 'ఒకే దేశం, ఒకే చందా' పథకం వల్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మన జిల్లాల నుంచి వచ్చేవాళ్లు కూడా ఈ పరీక్షలో సమానంగా కూర్చోగలిగే వీలు ఇప్పుడు ఏర్పడింది.

పిలిచేవాళ్లు పాటించాల్సిన మర్యాద ఒకటుంది. పరిశోధక విద్యార్థి తన ప్రశ్నను యంత్రంలో టైపు చేస్తున్నాడంటే ఇంకా ఎక్కడా అచ్చుకాని తన ఆలోచనను ఇస్తున్నాడని అర్థం. దాన్ని ఎక్కడ దాస్తారు, ఎంతకాలం, దానితో యంత్రానికి శిక్షణ ఇస్తారా అన్నది ముందే, అర్థమయ్యే భాషలో రాసి సంతకం తీసుకోవాలి. సమయానికి డబ్బు ఇవ్వాలి. ఉచితంగా వాడుకోనిస్తాం, అదే ప్రతిఫలం అనడం న్యాయం కాదు. ఫెలోషిప్ లేకుండా చదివే పిల్లవాడు మూడు రోజులు కూర్చుని జాబితాలు సరిపోల్చడం నిపుణుడి పని.

క్లెవర్డన్ సేకరణ 1400 పత్రాలే. ఆ కొద్దిపాటి సేకరణ మీద దశాబ్దాల పాటు ప్రపంచం నలుమూలలా కొత్త పద్ధతులను పరీక్షించుకున్నారు. ప్రాణహిత–గోదావరి లోయ మీద అలాంటిది కట్టడం మన విశ్వవిద్యాలయాలకు అసాధ్యమేమీ కాదు. భూగర్భం, నీరు, అడవి, ఆరోగ్యం, కోయ, కొండరెడ్డి సమాజాలు, భాష: ఇంగ్లీషు పత్రాలతో పాటు యూనికోడ్‌లోకి మార్చిన తెలుగు గ్రంథాలు, జాన్ కేన్ నాటి వ్యాసాలు, గని నివేదికలు అన్నీ కలిపి, ఇక్కడి పరిశోధకులు నిజంగా అడిగిన ప్రశ్నలతో, వాళ్లు ఇచ్చిన తీర్పులతో. ఏ కంపెనీ తన సాధనాన్ని తెచ్చినా ముందు దీని మీద నడిపి చూపించమని అడగవచ్చు. అప్పుడు సగటు శాతం ఒక్కటే చెప్పి తప్పించుకునే వీలుండదు. జారిపోయిన పత్రాల జాబితాను, ఒక్కోదాని ఎదుట ఏడాది, జిల్లా, భాష వేసి, పరీక్షించినవాళ్ల పేర్లతో సహా ప్రతి కొత్త వెర్షన్‌తో పాటు ప్రచురించాలి. తయారీదారుకు అది తర్వాత దిద్దాల్సిన పనుల పట్టీ, విద్యార్థికి ఇంకా తన చేత్తో వెతకాల్సిన చోట్ల పట్టీ.